మైనం గీత

ముందు చప్పుడొచ్చేది,
పేవర్ రాళ్ళ సందులన్నీ లెక్కపెడుతున్నట్టు
టకటకటకటక.
ఆ తర్వాత కాసేపు ఏమీ వినపడదు.
ఏమీ వినపడలేదంటే
ఓబులేసు గాల్లో ఉన్నాడని.

నాది విజిల్ ఉద్యోగం.
తూబరహళ్ళి అవతల గాజు బిల్డింగుకు
ఆరేళ్ళుగా నైట్ డ్యూటీ.
మొదటిరోజు తరుముకుంటూ పోయి
ఆయాసంతో తెలుగులో తిట్టాను.
వాడు ఆగి, బోర్డు చంకన పెట్టుకుని
"అన్నా, నువ్వు మనోళ్ళేనా? యా ఊరు?"
చేళూరన్నాను. వాళ్ళది మడకశిర పక్క.
ఆ తర్వాత కూడా విజిల్ ఊదాను, కెమెరా కోసం,
కాకపోతే అటు తిరిగి.

ఆ బోర్డు ఎవరో ఇంజనీరు పిల్లలు పారేసిందే.
నడుం విరిగితే
గ్రానైటు అతికించే బంకతో అతికించుకున్నాడు.
ఎండినాక పసుపు పెట్టినట్టు గీత.
కాళ్ళు జారకుండా పైన
నాయన అరగదీసి పడేసిన ఎమిరీ కాగితం.
చక్రాలు మాత్రం కొన్నవి,
మూడు నెలలు కార్లు కడిగి.

నాయన గంగులప్ప. పాలిష్ మేస్త్రీ.
ఫౌంటెన్ చుట్టూ ఆ నల్లరాతి అరుగు ఆయన చేతిదే.
వంగితే మొహం మీది మచ్చలు కూడా కనపడేవి.
ఆ అంచుకే కొవ్వొత్తి రుద్దేవాడు కొడుకు,
కరెంటు పోయినప్పటికని అమ్మ దాచుకున్న కొవ్వొత్తి.
రుద్ది, వెనక్కి పోయి,
చొక్కా కొస పళ్ళతో కరుచుకుని వచ్చేవాడు.
ఇనుము రాతిని గీరుకుంటూ పోతుంటే
నా పళ్ళు పులిసేవి.
పడేవాడు. లేచేవాడు. పడేవాడు.
"ఎందుకురా?" అంటే
"ఇంకొక్కటేన్నా" అనేవాడు. అది జవాబు కాదు.
వాడి దగ్గర వేరే జవాబు లేదు.

ఒక రాత్రి వాన. అరుగు తడిసింది.
నా కుర్చీ పక్కన గొంతుక్కూచుని
తను ఎగిరిన చోట్లన్నీ చెప్పాడు:
శివాజీనగర బస్టాండు వెనక మూడు మెట్లు,
హెబ్బాళ ఫ్లైఓవరు కింద వాలు,
ఏదో బ్యాంకు ముందరి ర్యాంపు,
అక్కడ ఒక తాత చక్రాల కుర్చీలో వస్తే
దిగి పైదాకా తోసిచ్చాడంట.
"ఎక్కడా లోపలికి పోలేదన్నా,
ఊరంతా నాకు బయటినుంచే తెలుసు."

పడే చచ్చిపోయాడనుకుంటారు, ఎవరికి చెప్పినా.
కాదు.
పడినందుకు పోయినవి ముందు పన్ను ఒకటి, మణికట్టు ఒకటి.
రేకుల షెడ్ల వెనక, డ్రమ్ములో నిలవనీళ్ళు.
జ్వరం. అయిదో రోజు విక్టోరియా ఆసుపత్రి.
రక్తమిస్తామని వచ్చిన పిల్లకాయలు
బోర్డులు లోపలికి రానియ్యరని
గోడకు వరసగా ఆనించారు, పదకొండు.
లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నాకలవాటు.
పదిహేడేళ్ళు వాడికి.

రెండు నెలలకు మేనేజ్‌మెంటు గంగులప్పను పిలిపించింది.
అరుగు మీద గీతలు తియ్యాలి,
అంచున అడుగుకొకటి స్టీలు గుబ్బలు బిగించాలి,
ఎవడూ మళ్ళీ జారకుండా.
ఆయన మిషను ఆన్ చేసి,
ఆపి,
ఆ నల్లటి మైనాన్ని గోటితో గీకి
వాసన చూశాడు.
నేను బీడీ వెలిగించుకోవడానికి పోయాను.
వచ్చేసరికి పాలిష్ పడుతున్నాడు,
మునుపటికన్నా నున్నగా.
"అంచు నున్నగుంటే బాగా పోతుందంట గదప్పా,"
తల ఎత్తకుండా అన్నాడు.
గుబ్బలకు బంక
ఆవగింజంత పెట్టాడు. చూశాను.

ఇప్పుడు ఒక రాయచూరు పిల్ల వస్తుంది,
జడ చొక్కాలోకి దోపుకుని.
పసుపుగీత బోర్డే. ఎవరిచ్చారో అడగలేదు.
తొమ్మిది గుబ్బల్లో నాలుగు లేవు.
ఒకటి నా జేబులో ఉంది.

టకటకటకటక.
తర్వాత ఏమీ వినపడదు.
రిజిస్టరు తీసి రాస్తాను:
పన్నెండూ నలభై. అంతా మామూలే.